జ్ఞాపకమునకు పూత

మా యలమంచిలికి చేరువనే వరాహనదీ తీరమున ఏటికొప్పాక గ్రామము కలదు. అచ్చటి పనివారు అంకుడుకఱ్ఱతో బొమ్మలు చేయుదురు. గిరగిర తిరుగుచున్న కఱ్ఱకు రంగులక్క నానించినచో, రాపిడివేడికి లక్క కరగి దానిని పట్టుకొనును. పిమ్మట మొగలియాకుతో మెఱుగు పెట్టుదురు. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. చెట్టుకొమ్మలపై చిన్నపురుగు తన్ను కాచుకొనుటకై స్రవించిన జిగురే లక్క. పురుగు కవచము బొమ్మకు కవచమైనది.

ఇప్పుడు రెజిన్ అను మఱియొక జిగురు వాడుకలోనికి వచ్చినది. రెండు ద్రవములను కలిపి అచ్చులో పోసిన, అది వేడెక్కి గట్టిపడి స్ఫటికమువలె నగును. అందు పెద్దల ఛాయాపటములను, పాతయుత్తరములను పొదిగించి బల్లపై నుంచుకొనువారు కలరు. వారిని పరిహసించుట తగదు. చెదలును, సముద్రపుగాలి తేమయు కాగితమును తినివేయుచుండగా, కాపాడుకొనవలెనను కోరిక ప్రేమయే గాని పిచ్చి కాదు.

మేమును అట్లే చేసితిమి. మా తండ్రిగారు ఖరగపూరులో రైల్వేయుద్యోగము చేయుచు 1984లో మా తల్లిగారికి వ్రాసిన ఇన్లాండు ఉత్తరము నొకదానిని, చిరునామా పైకి కనబడునట్లు మడతపెట్టి, పలకగా పోయించి, ఆయన సంవత్సరీకమునాడు ఆమె చేతిలో పెట్టితిమి. ఆమె దానిని తడిమి చూచి, "బాగుంది నాయనా. కాని దీన్ని విప్పడం ఎలాగ?" అని యడిగినది. మాకు నోట మాట రాలేదు. లోపలి వ్రాతకు నకలైనను తీసికొనలేదు. విద్యార్థులకు చదువు చెప్పు మేము, ఒక యుత్తరమును చదువుటకు వీలులేని వస్తువుగా మార్చితిమి!

ప్రియమైన దానిని రక్షించుట యననేమి? దాని దేహమును నిలుపుటయా, పలుకును నిలుపుటయా? మన పూర్వులు తాటాకు శాశ్వతమని భ్రమపడలేదు. అది శిథిలమగునని యెఱిగి, క్రొత్త యాకుపై మరల వ్రాసికొనిరి. ఆకు పోయినది, గ్రంథము నిలిచినది. ఈ ప్రాంతముననే రాయవరమున 1862లో జన్మించిన గురజాడ అప్పారావుగారు 1915లో గతించిరి. ఆయన లేఖలును దినచర్యలును తరువాత అచ్చుపడుటచేతనే గదా ఆయన యంతరంగము మనకు కొంత తెలిసినది! వానిని పలకలలో బంధించి యుండినచో మనకు మిగులునది చేవ్రాలి చెలువము మాత్రమే.

అన్ని యుత్తరములు అందఱును చదువదగినవా యని కొందఱడుగవచ్చును. కాదు. ఇరువురి నడుమ నడచిన మాట మూడవవాని సొత్తు కానేరదు. కాని మూయవలెనో తెఱవవలెనో నిర్ణయించు నధికారము ఎవరిది? ఉత్తర మందుకొనినవారిది. మేము ఆమె నడుగలేదు. ఆశ్చర్యపఱచవలెనను నుత్సాహమున ఆమె సొత్తును మా కానుకగా చేసితిమి. దోషము రెజినుది కాదు. అడుగకపోవుట మా దోషము.

ఇంకొక భేదము గమనింపదగినది. లక్క వేడికి మెత్తపడును, సారాయిద్రావకమున కరగును. పొరపాటును దిద్దుకొన నవకాశ మిచ్చును. గట్టిపడిన రెజిన్ మరల కరగదు. ఎండ తగిలినకొలది పసుపుపచ్చనగును గాని లోని కాగితమును విడువదు. మరల దిద్దుకొన వీలులేని పనికి పూనుకొనుటకు ముందు ఒకటికి రెండుమాఱు లాలోచించుట గృహమందును, సంఘమందును ధర్మమే.

కావున చదువరులకు మా విన్నపమిది: మొదట పెద్దల నడుగుడు. పిదప రెండువైపుల వ్రాతకును నకలు తీయుడు. పలకలో పొదుగవలెనన్న నకలునే పొదుగుడు. అసలును తేమ తగులనిచోట భద్రపఱచి, ఏడాది కొకమాఱైన విప్పి చదువుడు.

ఆ రాత్రి మా తల్లిగారు లోపలి మాటలను తమకు జ్ఞాపకమున్నంతవఱకు చెప్పిరి. "వానలు పడ్డాయా? చిన్నాడికి జ్వరం తగ్గిందా?" అని యుండెనట. ఆ చిన్నవాడము మేమే. చెప్పినది చెప్పినట్లు వ్రాసికొంటిమి. ఆ కాగితమునకు మేమే పూతయు పూయింపలేదు.