కాదన్న బొమ్మలు

1976లో బ్రిటన్ సంఘ సంస్కర్తల పేరిట నాలుగు తపాలా బిళ్ళలు విడుదల చేసింది. గీసింది డేవిడ్ జెంటిల్‌మన్. విచిత్రమేమిటంటే వాటిలో ఒక్క సంస్కర్త ముఖం కూడా లేదు. ఉన్నవన్నీ చేతులే. గని కార్మికుల నాయకుడు థామస్ హెప్‌బర్న్ పేరున్న బిళ్ళ మీద బొగ్గు తవ్వే చేతులు. రాబర్ట్ ఓవెన్ పేరు కింద యంత్రం దగ్గర పనిచేసే చేతులు. షాఫ్ట్స్‌బరీ ప్రభువు బిళ్ళ మీద పొగగొట్టం శుభ్రం చేసే చేతులు. ఎలిజబెత్ ఫ్రై బిళ్ళ మీద జైలు ఊచలు బిగించి పట్టుకున్న చేతులు. ఎవరి బతుకు బాగుపడాలని ఆ పెద్దలు తపించారో వాళ్ళే అక్కడ కనిపిస్తారు. ఇంత చిన్న కాగితంలో ఇంత దయ పట్టించవచ్చని నాకు తెలియజెప్పినవి ఆ నాలుగు బిళ్ళలే. భూతద్దం కింద పెట్టుకుని చూసిన ప్రతిసారీ ఆ వేళ్ళ బిగువు దగ్గరే నా చూపు ఆగిపోతుంది.

ఇలాంటి బొమ్మకు చోటు దొరకడం వెనక, అంతకు పదేళ్ళ ముందు ఓడిపోయిన ఒక వాదన ఉంది.

తపాలా బిళ్ళ పుట్టిన దేశం కాబట్టి బ్రిటన్ తన బిళ్ళల మీద దేశం పేరు వేయదు. రాజు తలో రాణి తలో ఉంటే చాలు, అదే గుర్తు. రెండో ఎలిజబెత్ పాలన తొలి రోజుల్లో ఆ తల కాస్త పక్కకు తిరిగిన పెద్ద ఫొటో. బిళ్ళలో చాలా భాగం దానికే పోయేది, మిగిలిన ఇరుకులో చిత్రకారుడు సర్దుకోవాలి. ఫొటోకీ గీసిన బొమ్మకీ పొత్తు కుదిరేది కాదు. 1965లో జెంటిల్‌మన్ అప్పటి పోస్ట్‌మాస్టర్ జనరల్ టోనీ బెన్‌కు ఉత్తరం రాసి, అసలు రాణి తలే తీసేద్దామన్నారు. బెన్‌కు ఆ ఆలోచన నచ్చింది. ఆ ఏడాది మార్చిలో రాణిని కలిసి, నమూనాలు నేల మీద పరిచి చూపించారు. ఆ సంగతి ఆయనే తన డైరీలో రాసుకున్నారు. రాణి ఎదురుగా కాదనలేదు కానీ, రాజప్రాసాదానికి అది ఇష్టం లేదని తరవాత తేలిపోయింది. తల లేని బిళ్ళలు రాలేదు.

అయితే ఆ ఓటమి అక్కడితో ముగిసిపోలేదు. మేరీ గిల్లిక్ నాణెం కోసం మలిచిన రాణి ముఖాన్ని ఆధారం చేసుకుని, జెంటిల్‌మన్ ఒక చిన్న పక్కముఖపు నీడబొమ్మ తయారుచేశారు. బిళ్ళలో ఓ మూల ఒదిగిపోయేంత చిన్నది. తల ఉండాలన్న రాజప్రాసాదం పట్టూ నిలిచింది, బొమ్మకు ఊపిరాడే చోటూ దొరికింది. 1966 నుంచి వచ్చిన బిళ్ళల మీద ఆ పద్ధతే కనిపిస్తుంది. 1969 ఆగస్టులో గాంధీ శతజయంతి బిళ్ళ వచ్చినప్పుడు, మన బెంగాలీ చిత్రకారుడు బిమన్ మల్లిక్ గాంధీనీ త్రివర్ణ పతాకాన్నీ కలిపి గీయగలిగారు. రాణి తల ఓ పక్కన ఉంది. బ్రిటిష్ బిళ్ళకు బొమ్మ గీసిన తొలి విదేశీ చిత్రకారుడాయన. ఏ సామ్రాజ్యాన్ని గాంధీ వెళ్ళిపొమ్మన్నారో ఆ సామ్రాజ్యపు కిరీటం, ఆయనతో ఒకే కాగితం పంచుకుంది.

మొదటి బిళ్ళ కథ కూడా ఇలాంటిదే. 1839లో బ్రిటిష్ ఖజానా శాఖ తపాలా రుసుం ముందే చెల్లించే పద్ధతికి ఆలోచనలు పంపమని పోటీ పెడితే, దాదాపు 2,600 వచ్చాయి. ఏ ఒక్కదాన్నీ ఉన్నదున్నట్టుగా తీసుకోలేదు. బహుమతి పొందిన నలుగురిలో బెంజమిన్ చెవర్టన్ ఒక మాట చెప్పాడు: మనిషి కన్ను ముఖాలు గుర్తుపట్టడంలో ఆరితేరింది, ముఖంలో రవ్వంత తేడా వచ్చినా పసిగడుతుంది, కనుక దొంగ బిళ్ళలను ఆపడానికి ముఖమే మేలు. ఆయన నమూనా అచ్చు కాలేదు. 1840 మేలో వచ్చిన పెన్నీ బ్లాక్ మీద విలియం వయన్ పతకంలోని విక్టోరియా ముఖం ఉంది. మరి ఆ ముఖం అక్కడ ఉండటానికి కారణం చెప్పినవాడు చెవర్టనే కదా!

కాదనడం అన్నిసార్లూ పైనుంచే రాదు. పెన్నీ బ్లాక్‌తో పాటే విలియం మల్‌రెడీ అనే పేరున్న చిత్రకారుడు గీసిన తపాలా కవర్లు కూడా వచ్చాయి. సింహంతో కూర్చున్న బ్రిటానియా, నలుదిక్కులకూ ఎగిరిపోయే రెక్కల దూతలు, ఏనుగులు, ఒంటెలు. అధికారులు మెచ్చిన బొమ్మే, కానీ జనం నవ్విపారేశారు. వ్యంగ్య చిత్రాలు వెల్లువెత్తాయి. ప్రభుత్వం ఆ కవర్లను వెనక్కి తీసుకోక తప్పలేదు. ఎంతో కష్టపడి గీసిన బొమ్మే, అయినా చేతిలోకి తీసుకున్నవాడికి అంత ఆడంబరం నప్పలేదు.

ఒక్కోసారి కాలమే కాదంటుంది. 1910లో ఏడో ఎడ్వర్డ్ రాజు కోసం టైరియన్ ప్లమ్ అనే ఊదారంగు రెండు పెన్నీల బిళ్ళ అచ్చై సిద్ధంగా ఉంది. మే 6న రాజు చనిపోయాడు. బిళ్ళల నిల్వలు దాదాపు అన్నీ నాశనం చేశారు. వాడిన బిళ్ళ ఒక్కటే మిగిలింది, అదీ యువరాజుకు వచ్చిన కవరు మీద. అందులో చిత్రకారుడి లోపం లేదు, అధికారుల తప్పూ లేదు.

ఈ మూడు రకాల నిరాకరణలనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు నాకు ఒక విషయం స్పష్టమవుతుంది. కాదన్నంత మాత్రాన అన్యాయం జరిగినట్టు కాదు. ఒప్పుకున్నంత మాత్రాన అర్హత దక్కినట్టూ కాదు. జెంటిల్‌మన్ కోరినట్టు తల పూర్తిగా పోయి ఉంటే ఆ చిన్న నీడబొమ్మ పుట్టేది కాదు. ఆయన అడగకపోయి ఉంటే పెద్ద ఫొటో ఇంకెన్నాళ్ళు కదలకుండా ఉండేదో! అడిగినవాడూ కాదన్నవాడూ కలిసే ఆ మూలను తీర్చిదిద్దారు.

అందుకే లండన్‌లోని పోస్టల్ మ్యూజియం అచ్చు కాని నమూనాలను కూడా భద్రపరచడం నాకు గొప్ప సంస్కారంగా తోస్తుంది. గెలిచిన బొమ్మను మాత్రమే దాచుకునే జాతికి, ఆ గెలుపు ఎలా వచ్చిందో కొన్నాళ్ళకు తెలియకుండా పోతుంది. మన పనులు కూడా అంతే. తిరిగొచ్చిన కథ, ఒప్పుకోని ప్రణాళిక, సభలో వీగిపోయిన మాట, వీటిలో ఏది ఎవరి పనిలో ఎలా తేలుతుందో అప్పటికప్పుడు చెప్పలేం. అది తేలేదాకా మన పేరు దాని మీద ఉండాలని పట్టుబట్టకుండా ఉండగలగడమే కష్టం. ఆ ఓర్పు ఉన్నవాళ్ళ చేతి పని మీదే ప్రతి మంచి బొమ్మా నిలబడి ఉందని నేను నమ్ముతాను.