బరువు తగ్గకపోవడం ఎవరి తప్పు?

బరువు కోసం డాక్టరు దగ్గరకు వెళ్తున్నానంటే నాకు రెండు వైపుల నుంచీ అభ్యంతరాలు వచ్చాయి. ఇంట్లోవాళ్లు 'దానికి డాక్టరెందుకు, నోరు కట్టుకుంటే చాలదా' అన్నారు. స్నేహితులు, అందులోనూ స్త్రీవాదులు, 'నువ్వు కూడానా!' అన్నారు. మొదటి మాట ప్రకారం నేను బద్ధకస్తురాలిని. రెండో మాట ప్రకారం లొంగిపోయినదాన్ని. పైకి ఎంత విరుద్ధంగా కనిపించినా ఈ రెండు మాటల పునాది ఒకటేననిపిస్తుంది. రెండూ నా బరువును నా నైతికతకు కొలతగానే చూస్తున్నాయి.

మన నోముల కథల్లో ఒక తర్కం ఉంది. నోము ఫలించలేదంటే లోపం నోములో ఉండదు, నోచిన ఆడదానిలో ఉంటుంది. ఎక్కడో నియమం తప్పింది, ఉల్లంఘన జరిగింది, మళ్లీ మొదటినుంచీ పట్టాలి. ఈనాటి డైటింగ్ సరిగ్గా ఈ తర్కం మీదే నడుస్తోంది. రాత్రిపూట అన్నం మానేసి రెండు పుల్కాలతో సరిపెట్టుకున్నా, తెల్లవారకముందే లేచి నడిచినా ముల్లు కదలకపోతే, నువ్వెక్కడో చాటుగా తింటున్నావనే అర్థం. ఆకలిని అణుచుకోవడం స్త్రీకి సుగుణమని నేర్పిన సమాజమే, అందరూ తిన్నాక మిగిలింది తినేవాళ్లను 'తిండి మీద అదుపు లేనివాళ్లు' అంటుంది. ఇందులోని క్రూరత్వం ఎవరికీ తట్టదు.

శరీరం మాత్రం ఈ తర్కానికి లోబడదు. కొవ్వు కణాల నుంచి వెలువడే లెప్టిన్ అనే హార్మోన్‌ను 1994లో గుర్తించారు. శరీరంలో కొవ్వు నిల్వ ఎంత ఉందో మెదడుకు కబురు చేరవేసేది అదే. బరువు తగ్గగానే ఆ కబురు బలహీనపడుతుంది, ఆకలి పెరుగుతుంది, శరీరం తన ఖర్చు తగ్గించుకుంటుంది. డైటింగ్‌తో బరువు తగ్గినవాళ్లలో ఏడాది గడిచినా ఆకలిని పెంచే హార్మోన్ల మార్పులు అలాగే కొనసాగుతున్నాయని ఆస్ట్రేలియా పరిశోధకులు 2011లో చూపించారు. దీన్ని సంకల్పలోపం అనడం జ్వరమొచ్చిన మనిషిని వణకొద్దనడం లాంటిది. వీటికి తోడు పీసీఓఎస్, మందగించిన థైరాయిడ్, స్టెరాయిడ్లు, ఇన్సులిన్, మానసిక సమస్యలకిచ్చే కొన్ని మందులు కూడా బరువు పెంచుతాయి.

నేను మొదట కలిసిన డాక్టరు నన్ను బరువు మిషను ఎక్కించి, చెప్పబోయేది వినకుండానే 'తిండి తగ్గించండి, రోజూ నడవండి' అన్నారు. ఏడాదిగా చేస్తున్నది అదేనండీ అంటే నవ్వారు. ఇంట్లోవాళ్ల మాటనే ఆ నవ్వు వైద్యభాషలోకి మార్చింది. రెండో డాక్టరు కూర్చోబెట్టి అడిగారు. నెలసరి ఎలా వస్తోంది, నిద్ర సరిగా పడుతోందా, గురక ఉందా, అమ్మకు సుగర్ ఉందా, వేరే మందులేమైనా వాడుతున్నారా అని. మైగ్రేన్ రాకుండా నేను ఎనిమిది నెలలుగా ఫ్లూనరిజిన్ వేసుకుంటున్నాను. అది కొందరిలో బరువు పెంచుతుందని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. ఆవిడ మందు మార్చారు. తర్వాత నాలుగు కిలోలు తగ్గాను, మిగతా బరువు అలాగే ఉంది. అయినా నాకు దక్కినది చిన్నదేమీ కాదు. 'ఎవరి తప్పు' అనే ప్రశ్న పోయి 'ఏం జరుగుతోంది' అనే ప్రశ్న వచ్చింది.

ఇక స్నేహితుల అభ్యంతరం. అది తేలిగ్గా తోసెయ్యదగినది కాదు. సూజీ ఆర్‌బాక్ 1978లో 'ఫ్యాట్ ఈజ్ ఎ ఫెమినిస్ట్ ఇష్యూ' రాసేనాటికే స్త్రీవాదం సన్నదనపు నిరంకుశత్వాన్ని ప్రశ్నించడం మొదలుపెట్టింది. సన్నబడే మందుల చరిత్రా భయపెట్టేదే. ఫెన్‌ఫ్లూరమిన్ గుండె కవాటాలను దెబ్బతీస్తోందని 1997లో మార్కెట్ నుంచి తీసేశారు. సిబుట్రమిన్‌ను మన దేశంలో 2011లో నిషేధించారు. 2025లో ఇక్కడికి వచ్చిన మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు నిజంగానే ఆకలిని తగ్గిస్తాయి. కానీ మానేస్తే చాలామందికి పోయిన బరువులో ఎక్కువ భాగం తిరిగొస్తుంది. ఎంతకాలం వాడాలి, ఎవరు కొనగలరు అన్నవి మనం గట్టిగా అడగాల్సిన ప్రశ్నలే.

అయితే 'నీ శరీరాన్ని ప్రేమించు' అనేదే ఒక ఆజ్ఞగా మారితే? మగవాడి చూపు నా శరీరం ఎలా కనిపిస్తోందని అడుగుతుంది. నా మోకాలి నొప్పి అది ఎలా పనిచేస్తోందని అడుగుతుంది. మొదటిదాన్ని తిరస్కరించడం కోసం రెండోదాన్ని కూడా నొక్కిపెట్టమంటే, ఓర్చుకోమన్న పాత నీతినే కొత్త మాటల్లో చెప్పడం అవుతుంది.

ఇది తీరికున్న ఆడవాళ్ల బెంగ కూడా కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. అదే సర్వేలో రెండు రాష్ట్రాల స్త్రీలలోనూ సగానికి పైగా రక్తహీనత ఉంది. అన్నంతో కడుపు నిండుతున్నా పప్పు, పాలు, గుడ్డు, కూరగాయలు సరిపడా అందని ఇళ్లకు 'తక్కువ తిను' అన్న సలహా ఏం పనికొస్తుంది?

ప్రయత్నించడం నా బాధ్యత, నిజమే. కానీ బాధ్యత వేరు, నింద వేరు. బాధ్యత నన్ను తర్వాతి అడుగు వైపు నడిపిస్తుంది, నింద ఉన్నచోటే కూలబడేస్తుంది. చేసిన ప్రయత్నం ఫలించనప్పుడు వైద్యసహాయం అడగడం ఆ తర్వాతి అడుగే. తెలుగులో 'సవాలక్ష సందేహాలు' తెచ్చిన స్త్రీలు మనల్ని డాక్టరు దగ్గరకు వెళ్లొద్దనలేదు, ప్రశ్నలతో వెళ్లమన్నారు. నేను వాడే మందుల్లో బరువు పెంచేవి ఉన్నాయా? సుగర్, బీపీ, థైరాయిడ్ చూశారా? ఈ సలహా పనిచేయకపోతే తర్వాత ఏం చేద్దాం? ఇవి అడిగితే విసుక్కునే డాక్టరును మార్చుకునే వీలు మనలో కొందరికైనా ఉంది. ఆ వీలు లేనివాళ్ల కోసం ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూడా ఈ ప్రశ్నలకు జవాబు దొరకాలని అడగడం మన రాజకీయాల్లో భాగం కావాలి.