చిన్న దేశాలు, భావికాలం

ఒక అతిచిన్న దేశపు రచయిత రాబోవు కాలాన్ని ఊహించి కథ వ్రాస్తే, దానిని మనం ఎవరి భావికాలంగా చదువుతాము? 1898లో హెచ్.జి. వెల్స్ అంగారక గ్రహవాసుల దండయాత్రను వర్ణించినాడు. వారు దిగినది లండను పరిసరాలలోనే అయినా, పాఠకలోకం దానిని సమస్త మానవజాతికి వచ్చిన విపత్తుగా గ్రహించినది. అటువంటి కథనే నాలుగు లక్షల జనమైనా లేని దేశంలో ఒకరు వ్రాస్తే, ‘అక్కడివారు ఇటువంటివి కూడా వ్రాస్తారా!’ అని ముచ్చటపడి ఊరుకుంటాము. పెద్ద దేశపు రచయితకు మానవజాతి పక్షాన మాట్లాడే అధికారం పుట్టుకతోనే లభిస్తుంది. చిన్న దేశపువాడు తన ఊరి సంగతులు చెబితే చాలునని మన అపేక్ష. ఇది అభిరుచికి సంబంధించిన విషయమని కొందరంటారు. ఇందులో అన్యాయం కూడా ఉన్నదని నా అభిప్రాయం.

వలసపోయినవాని సంగతి వేరు. 1884లో లక్సెంబర్గులో జన్మించిన హ్యూగో గెర్న్స్‌బాక్ 1904లో అమెరికా చేరినాడు. 1926లో ‘అమేజింగ్ స్టోరీస్’ పత్రికను నెలకొల్పి వైజ్ఞానిక కల్పనకు ఒక వేదికను కల్పించినాడు. ఆ సాహిత్యానికిచ్చే హ్యూగో పురస్కారం అతని పేరిటిదే. అయినా దానిని తలచుకొన్నప్పుడు లక్సెంబర్గు ఎవరికి స్ఫురిస్తుంది?

ఐస్‌లాండు రచయిత ఆండ్రి స్నైర్ మాగ్నాసన్ స్వభాషలోనే వ్రాసినాడు. 2002లో వెలువడిన అతని ‘లవ్‌స్టార్’ నవలలో ఒక మహావాణిజ్య సంస్థ ప్రేమను, మరణాన్ని కూడా సరకులుగా మార్చివేస్తుంది. ఎవరికి ఎవరు తగిన జోడీయో లెక్కకట్టి చెబుతుంది. ఆ లెక్క ఇంద్రిది, సిగ్రిద్ అనే ప్రేమికుల నడుమ చిచ్చు పెడుతుంది. శవాలను ఆకాశానికి ఎగురవేసి ఉల్కలవలె రాల్చుతుంది. డబ్బు చాలనివారు తమ వాక్కునే అద్దెకిస్తారు; వీధిలో ఎవరైనా ఎదురుపడగానే వారి నోటినుండి, వారి ఇచ్ఛతో నిమిత్తం లేకుండా, ప్రకటనలు కేకలై వెలువడతాయి.

ఈ సంస్థ నెలకొన్న ఓక్స్‌నదాలుర్ లోయను రచయిత ఊరకే ఎంచుకొన్నాడని నేననుకోను. 1807లో కవి యోనాస్ హాల్‌గ్రిమ్సన్ జన్మించినది అక్కడే. ఆయన ప్రకృతిశాస్త్రవేత్త, అనువాదకుడు కూడా. డేనిష్ భాషనుండి ఒక ఖగోళశాస్త్ర గ్రంథాన్ని అనువదించి 1842లో ప్రకటించినాడు. ఆకర్షణశక్తి వంటి భావాలకు అందులో స్వభాషాపదాలు కల్పించినాడు. ఆ సంప్రదాయం నేటికీ ఆగలేదు. వారి భాషలో కంప్యూటరును ‘తోల్వా’ అంటారు: సంఖ్య అనే మాటను, సోదె చెప్పే స్త్రీ అనే ప్రాచీన పదాన్ని కలిపి చేసిన మాట. 2011 జనగణన ప్రకారం ఎనిమిది కోట్లకు మించిన తెలుగువారము మాత్రం కంప్యూటరనే అంటున్నాము!

మాటలు పుట్టిన లోయలోనే మాటలు అద్దెకుపోవడం ఆ జాతి గుండెకోత. అయినా వాక్కు అమ్ముడుపోవడం ఐస్‌లాండుకే పరిమితమైన వ్యాధియా? చేతిలోని ఫోనుతో నిత్యం ఏదో ఒకటి అమ్మిపెడుతున్న మనకు అది సోకలేదని అనగలమా? ఆ నవల మనలను గురించి వ్రాసినదే. చిన్నదేశమన్న జాలితో దానిని మెచ్చుకోనక్కరలేదు. కల్పనమీద కల్పన కుప్పపోసినందువల్ల పాత్రలు పలుచబడిన చోట్లు అందులో ఉన్నవి. వెల్స్‌ను విమర్శించినంత నిర్మొగమాటంగా మాగ్నాసన్‌ను కూడా విమర్శించగలిగినప్పుడే ఇద్దరినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టినట్లు.

ఈ నవలకు విక్టోరియా క్రిబ్ ఆంగ్లానువాదం 2012లో వచ్చినది. అంటే పదేండ్ల తరువాత. అటువంటి గ్రంథాలు హిందీకి గాని తెలుగుకు గాని రావలెనంటే సాధారణంగా ఆ గడప దాటవలసిందే. అక్కడ ఎవరికీ నచ్చక ఆగిపోయినవాటి సంగతి మనకు తెలిసే మార్గమే లేదు.

వాక్కును అద్దెకిచ్చిన ఆ మనుషులను తెలుగులో ఏమనాలి? హిందీలో ‘మునాదీవాలా’, తెలుగులో ‘దండోరావాడు’ వెంటనే తోస్తాయి. కాని దండోరావాడు డప్పు దించి ఇంటికి పోయిన తరువాత భార్యతో తన మాట తాను మాట్లాడుకొనేవాడు. నవలలోనివారికి ఆ వెసులుబాటు లేదు. సరియైన మాటకోసం ఇంకా వెదకుతున్నాను.