కట్టెపొయ్యి - గృహధర్మము

అన్నము పరబ్రహ్మస్వరూపమని పెద్దలు చెప్పుదురు. ఇష్టలింగమునకు అర్పితమైన అన్నము ప్రసాదమగుననియు, దానిని మెతుకైనను పారవేయరాదనియు శరణుల సంప్రదాయము. అయితే ఆ అన్నము ఉడుకుటకు ముందు ఏమి జరిగినదో తలచువారు అరుదు. విస్తరి ముందు కూర్చున్నవానికి అన్నము కనబడును. పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలు కనబడదు. కట్టెపొయ్యిని గూర్చిన ధర్మసందేహము ఇచ్చటనే పుట్టుచున్నది.

కట్టెల మీది వంటకు రుచి యెక్కువ యను మాట అబద్ధము కాదు. అన్నము వార్చిన పిమ్మట కట్టెలను వెనుకకు లాగి, మిగిలిన కణికల సెగపై పప్పుకుండను మగ్గనిచ్చినచో కలుగు కమ్మదనము వేరు. దాలిలో పిడకల మీద ప్రొద్దంతయు కాగి ఎఱ్ఱబడిన పాల మీగడ, నిప్పులపై పొంగిన జొన్నరొట్టె, ఎఱుగని పల్లెటూరివారుండరు. మంటను ఎప్పుడు పెంచవలెనో, ఎప్పుడు అణచవలెనో చేతితోనే తెలిసికొనుట ఒక విద్య. ఆ విద్య తరతరములుగా స్త్రీల చేతిలోనే నిలిచినది.

కాని ఆ రుచికి చెల్లించిన వెల యేమి? కట్టె పచ్చిగా నున్నచో అందలి నీరు ఆవిరియగుటకే వేడిలో కొంత ఖర్చగును. మంట చల్లబడి, కాలవలసిన పదార్థము కాలక పొగయై లేచును. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడను విషవాయువుండును, 2.5 మైక్రాన్లకు మించని సూక్ష్మకణములుండి ఊపిరితిత్తుల లోతునకు చేరును. గుజరాత్ గ్రామములలో వంట చేయు స్త్రీలు పీల్చు పొగను కొలిచి కర్క్ స్మిత్, ఆయన సహచరులు 1983లో ఫలితములను ప్రచురించిరి. నాటివరకు నగరముల పొగనే లెక్కించుచుండిన పండితులకు వంటయింటి పొగ దానిని మించినదని తెలియవచ్చెను. ఇండ్లలోని ఇట్టి పొగవలన 2020లో ప్రపంచమున సుమారు 32 లక్షల మంది మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. దీర్ఘకాలపు దగ్గు, ఆయాసము, కంటిపొర, గుండెజబ్బు, పసిపిల్లలకు న్యుమోనియా ఈ పొగ తెచ్చు కీడులు.

ఇంత తెలిసియు కట్టెపొయ్యి ఏల నిలిచినది? ‘కట్టెలు ఊరకనే దొరకును’ అని సమాధానము చెప్పుదురు. ఈ మాటను కొంచెము పరీక్షింపవలెను. మోళిగ మారయ్య అడవికేగి కట్టెలు కొట్టి, మోపు నెత్తిన పెట్టుకొని తెచ్చి అమ్మి, ఆ సొమ్ముతో జంగములకు అన్నము పెట్టెనని శరణుల కథలు చెప్పుచున్నవి. ఆయన మోపునకు వెల కలదు. ఆయన శ్రమకు కాయకమని పేరు కలదు. అదే మోపును ఇల్లాలు తుమ్మకంపల నడుమ ఏరి, ఎండలో మోసి తెచ్చినచో ఊరక వచ్చినదగునా? అంగడిలో వెల గల వస్తువు ఆమె నెత్తి కెక్కగానే వెల పోగొట్టుకొనుట విచిత్రమైన లెక్క. ఆ లెక్కలో ఆమె నడచిన దూరము లేదు, మండిన కన్నులు లేవు, రాత్రి దగ్గు లేదు. కట్టె ఊరక రాలేదు. వెల చెల్లించిన మనిషిని ఇంటివారు లెక్కింపలేదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1999లో దీపం పథకము, దేశమంతట 2016లో ఉజ్జ్వల పథకము పేదయిండ్లకు గ్యాసును చేర్చినవి. అయినను 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము వంటకు పొగలేని ఇంధనమును వాడు ఇండ్లు దేశమున నూటికి సుమారు 59 మాత్రమే. గ్యాసున్న ఇండ్లలో సైతము పెరటిపొయ్యి ఆరదు. చుట్టములకు తేనీరు గ్యాసు మీద, ఇంటివారికి అన్నము, స్నానమునకు వేడినీళ్లు కట్టెల మీద కాగుచుండును. సిలిండరు నిండుకొన్నచో ‘వచ్చే నెల చూతము’ అను యజమాని, తన సెల్‌ఫోను రీచార్జిని మాత్రము ఒక దినమైనను వాయిదా వేయడు.

కూలి దొరకని దినమున కంప విరిచి గంజి కాచుకొను పేదరాలికి ఎవరును నీతి బోధింప నక్కరలేదు. శక్తి కలిగియు సొమ్ము మిగులునని ఊరకుండు గృహస్థుని గూర్చియే ఈ విచారము. ‘పూర్వులు ఇట్లే వండి తిని నూరేండ్లు బ్రతికిరి’ అని అతడు వాదించును. పూర్వులకు వేరు మార్గము లేదు. మార్గము లేనిచోట ఓర్పు గుణమే. మార్గముండగా మరియొకరి ఓర్పును వాడుకొనుట గుణమెట్లగును?

ఆయ్దక్కి మారయ్య రాలిన బియ్యమును ఏరి తెచ్చుట కాయకముగా కలవాడు. ఒకనాడు నిత్యము కంటె అధికముగా తేగా, ఆయన భార్య లక్కమ్మ ‘ఇంత మనకు తగదు, తిరిగి ఇచ్చి రండు’ అనెను. ఆయన మారుపలుకక ఇచ్చి వచ్చెను. ఈ కథను నిరాశకు దృష్టాంతముగా చెప్పుదురు. అందు మరియొక ధర్మమును కలదు: వంటయింటి కొలత తెలిసిన ఇల్లాలి మాట ఆ యింట చెల్లినది. పొయ్యి యేది యుండవలెనో, సొమ్ము దేనికి ముందు పోవలెనో నిర్ణయించు అధికారము పొయ్యి ముందు కూర్చుండువారికి ఉండుట న్యాయము.

కట్టెలు విడువజాలని ఇంట చేయదగినదియు కలదు. కట్టెలను సన్నముగా చీల్చి బాగుగా ఎండబెట్టి వాడవలెను. పొయ్యిని గాలి పారు చోట అమర్చి, పొగగొట్టము పెట్టి, దానిలోని మసిని తరచు దులుపవలెను. పప్పును నానబెట్టి, కుండపై మూతయుంచి వండినచో మంట తగ్గును. పసిబిడ్డను చంకనుంచుకొని పొయ్యి ఊదరాదు. పండుగనాడు పదిమందికి వండవలసి వచ్చినపుడు మగవారు కట్టెలు చీల్చుటతో సరిపెట్టక, ఒక పూట ఊదుగొట్టము చేతబట్టి చూడవలెను. ఆ పూట తెలిసినది పది ఉపన్యాసములు విన్నను తెలియదు.

అగ్నికి దోషము లేదు, కట్టెకును లేదు. ప్రసాదమును కన్నుల కద్దుకొనునపుడు దానిని వండిన కన్నులెట్లున్నవో ఒకసారి చూచినచో ఆ భక్తి నిండుదనమును పొందును.