కయాధువుకు దొరికిన అభయం

గర్భంలోని శిశువు ఎదుగుదలను శ్రీమద్భాగవతం తృతీయ స్కంధంలో కపిల మహర్షి తన తల్లి దేవహూతికి నెలలవారీగా వివరించి చెబుతాడు. తొలి రాత్రి కలలమనే ద్రవరూపంలో ఉన్న పిండం అయిదు రాత్రులకు బుడగగా, పది రోజులకు రేగుపండంతగా మారుతుందని, నెల నిండేసరికి తల, రెండో నెలకు కాలుసేతులు, మూడో నెలకు గోళ్లు, రోమాలు, ఎముకలు ఏర్పడతాయని చెప్పుకుంటూ వచ్చిన ఆ వర్ణన, ఏడో నెల దగ్గరికి రాగానే స్వరం మార్చుకుంటుంది. అంతవరకు దేహాన్ని గురించి చెప్పిన కపిలుడు అక్కడి నుంచి దేహిని గురించి, అంటే ఆ దేహంలో ఉన్న జీవుని గురించి మాట్లాడతాడు. ఏడో నెలలో ఎరుక కలిగిన జీవుడు గడచిన జన్మల కర్మలను తలచుకొని, చేతులు జోడించి పరమాత్మను స్తుతిస్తాడని, గర్భవాసం ఎంత దుర్భరమైనా బయట విష్ణుమాయ కాచుకొని ఉన్నది కనుక వెలుపలికి రావడానికి ఇష్టపడడని, చివరకు ప్రసూతి వాయువు తలకిందులుగా నెట్టగా భూమి మీద పడి ఆ స్మృతినంతా కోల్పోతాడని ఆ ఘట్టం చెబుతుంది. గర్భోపనిషత్తు కూడా జీవుడు ఏడో నెలలో దేహంతో కూడుతాడని, ఎనిమిదో నెలలో అవయవాలన్నీ సంపూర్ణమవుతాయని, తొమ్మిదో నెలలో పూర్వజన్మల జ్ఞాపకం కలుగుతుందని అంటుంది. ఈ గ్రంథాలు వైరాగ్యాన్ని బోధించడానికి పుట్టినవే గాని వైద్యం నేర్పడానికి కాదు కనుక, వాటిలోని ప్రతి మాటకూ నేటి శాస్త్రంలో రుజువు వెతకడం వాటికి గౌరవం తెచ్చే పని కాదు. అయితే చివరి మూడు నెలలను అవి ప్రత్యేకంగా చూసిన తీరు మాత్రం ఆలోచించదగినది.

వైద్యులు 28వ వారం నుంచి ప్రసవం దాకా ఉన్న కాలాన్ని మూడో త్రైమాసికం అంటారు. ఆ కాలం మొదలయ్యేనాటికి దాదాపు కిలో బరువున్న శిశువు నెలలు నిండేసరికి సుమారు మూడు కిలోలకు చేరుతుంది. మూసుకొని ఉన్న కనురెప్పలు ఆ ప్రాంతంలోనే విడివడతాయి, చర్మం కింద కొవ్వు చేరి ముడతలు తగ్గుతాయి, అంతకుముందు నునుపుగా ఉన్న మెదడు పైభాగం మడతలు పడుతూ విస్తరిస్తుంది. ఊపిరితిత్తుల్లోని సూక్ష్మమైన గాలి గదులు ఊపిరి వదిలిన ప్రతిసారీ అతుక్కుపోకుండా కాపాడే సర్ఫక్టెంట్ అనే పదార్థం ఈ వారాలలోనే తగినంతగా తయారవుతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ ఊపిరికి కష్టపడేది ప్రధానంగా ఇది చాలకనే. పుట్టిన తరువాత కొన్ని నెలలపాటు అవసరమయ్యే ఇనుమును, రోగాల నుంచి రక్షించే యాంటీబాడీలను తల్లి రక్తం నుంచి మావి ద్వారా బిడ్డ ఎక్కువగా అందుకునేది కూడా ఈ చివరి దశలోనే.

చరక సంహిత ఎనిమిదో నెల గురించి చెప్పిన మాట ఈ సందర్భంలో గమనించదగినది. ప్రాణశక్తికి ఆధారమైన ఓజస్సు ఆ నెలలో స్థిరంగా ఉండక తల్లి నుంచి బిడ్డకు, బిడ్డ నుంచి తల్లికి రాకపోకలు సాగిస్తుందని, అందుకే గర్భిణి ఒకసారి ఉల్లాసంగా, మరొకసారి దిగులుగా కనిపిస్తుందని, ఆ సమయంలో ప్రసవం ప్రమాదకరమని చరకుడు భావించాడు. గర్భిణి దిగులును ఆమె స్వభావదోషంగా గాక దేహధర్మంగా చూసిన కరుణ ఆ మాటలో ఉన్నది. కానీ ఏడో నెల బిడ్డ బతుకుతుంది గాని ఎనిమిదో నెల బిడ్డ బతకదు అని ఇళ్లలో నేటికీ వినిపించే మాటను మాత్రం నిస్సంకోచంగా వదులుకోవాలి. గర్భంలో గడిపిన ప్రతి వారమూ బిడ్డకు బలమే కనుక, ఎనిమిదో నెలలో పుట్టిన శిశువుకు ఏడో నెల శిశువు కంటే బతికే అవకాశం ఎక్కువ.

వినికిడి విషయంలో పురాణమూ పరిశోధనా ఒకదానికొకటి బాగా దగ్గరగా వస్తాయి. చివరి మూడు నెలలలో శిశువు శబ్దాలకు స్పందిస్తుంది. తల్లి గొంతు బయటి గాలిలోనుంచే గాక ఆమె దేహం ద్వారా కూడా చేరుతుంది కనుక అన్నిటికంటే స్పష్టంగా వినిపించేది అదే. అమెరికాలో ఆంథొనీ డికాస్పర్, మెలనీ స్పెన్స్ 1986లో ప్రకటించిన పరిశోధనలో, గర్భం చివరి వారాలలో తల్లులు రోజూ పైకి చదివిన కథనే వారి శిశువులు పుట్టిన కొద్ది రోజులకు మరింతగా ఇష్టపడినట్లు, చప్పరించే లయను మార్చుకొని మరీ దాన్ని వినగోరినట్లు తేలింది.

తెలుగువారికి ఇది, తల్లి కడుపులో ఉండగానే నారదుని ఉపదేశం విన్న ప్రహ్లాదుణ్ణి వెంటనే గుర్తు చేస్తుంది. అయితే ఆ కథలో ఉపదేశానికి ముందు జరిగినదాన్ని చాలామంది దాటిపోతారు. ప్రహ్లాదుని తండ్రి హిరణ్యకశిపుడు తపస్సుకు వెళ్లినప్పుడు, పుట్టబోయే బిడ్డను చంపాలనే తలంపుతో గర్భవతి అయిన అతని భార్య కయాధువును, అంటే పోతన భాగవతంలోని లీలావతిని, ఇంద్రుడు ఈడ్చుకుపోతుండగా నారదుడు అడ్డుపడి విడిపించాడు. భర్త తిరిగి వచ్చేవరకు నిర్భయంగా ఉండమని తన ఆశ్రమానికి తీసుకువెళ్లాడు, కోరుకున్నప్పుడే ప్రసవం కావాలన్న ఆమె కోరికను మన్నించాడు. ధర్మాన్నీ జ్ఞానాన్నీ చెప్పింది ఆ తరువాతనే. కాలం గడిచి తల్లి ఆ బోధను మరచిపోయిందని, తనకు మాత్రం అది గుర్తున్నదని ప్రహ్లాదుడే తోటి బాలురతో అంటాడు. 

గర్భసంస్కారం పేరిట నేడు వినాల్సిన స్తోత్రాలు, చదవాల్సిన పుస్తకాలు, కలగకూడని ఆలోచనలు అంటూ బరువంతా గర్భిణి మీదనే మోపడం ఈ కథ తాత్పర్యానికి విరుద్ధం. స్తోత్రం మంచిదే, ఆమె ఇష్టంగా పాడుకుంటే మరీ మంచిది. కానీ ఇంట్లో కసురుకోవడాలు, ఆడపిల్ల పుడుతుందేమోనన్న సణుగుళ్లు ఆగకుండా ఫోనులో విష్ణు సహస్రనామం పెట్టినంత మాత్రాన ఆ ఇల్లు నారదాశ్రమం కాదు. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి, రెండు చేతులకూ నిండుగా గాజులు తొడిగి, తొలికాన్పుకు పుట్టింటికి తీసుకువెళ్లే తెలుగు ఆచారంలో ఆ ఆశ్రమవాసపు అర్థం చాలావరకు నిలిచి ఉన్నది. పూర్వపు సీమంతోన్నయన విధిలో, ఏదుపంది ముల్లుతో పాపిట తీసి మేడికాయల గుత్తిని అలంకరించే వేళ, వీణాగాయకులను పాడమని గృహ్యసూత్రాలు చెప్పడం కూడా ఆమె ఉల్లాసాన్ని కోరే ఏర్పాటుగానే కనిపిస్తుంది.

కనుక చివరి మూడు నెలల గర్భిణి ఉన్న ఇంటివారు మొదట ఆమెకు పోషకాహారం, నిద్ర, వైద్యులు రాసిన ఇనుము మాత్రలు, మంచి మాట లోటు లేకుండా చూడాలి. బిడ్డ కదలికలు తగ్గినట్లు ఆమె చెబితే దిష్టి తగిలిందనో, తెల్లవారాక చూద్దామనో ఆగకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.