మన పైకానికి లెక్క ఎవరు చెప్పాలి?

మనలో చాలామందికి బ్యాంకులో ఎంతో కొంత పైకం ఉంటుంది. ఆడపిల్ల పెళ్ళికనో, పిల్లల చదువుకనో, విచారణ దేవాలయ మరమ్మతుకనో దాచుకున్నది. ఆ పైకం బ్యాంకు బీరువాలో ఊరికే కూర్చోదు. అప్పుగా బయటికి వెళ్ళి ఎక్కడో ఒక కర్మాగారంగా, రహదారిగా, బొగ్గు విద్యుత్ కేంద్రంగా నిలబడుతుంది. దాని పొగలో మనకూ కొంత బాధ్యత ఉందా? పైకం చేయి దాటగానే పాపపుణ్యాలు కూడా చేయి దాటినట్టేనా?

"నేను వడ్డీ తీసుకున్నాను, అంతే" అంటాడు డిపాజిటుదారుడు. "మేము అప్పిచ్చాం, పొగ వదిలింది కంపెనీ" అంటుంది బ్యాంకు. "వాటాదారులు లాభం అడుగుతున్నారు" అంటుంది కంపెనీ. ఆ వాటాలలో బీమా ద్వారా, మ్యూచువల్ ఫండ్ల ద్వారా మళ్ళీ మన పొదుపే ఉంటుంది. ఇలా ఒకరినొకరు వేలెత్తి చూపుకుంటూ పోతే ఆ వేలు చుట్టూ తిరిగి మన గుమ్మం దగ్గరకే వస్తుంది. పెట్టుబడి ఎక్కడ పెట్టాలన్నది నైతిక నిర్ణయమేనని రెండవ జాన్ పౌల్ పాపుగారు 1991లోనే తమ విశ్వలేఖలో బోధించారు.

అయితే తిరుసభ నీతిబోధ అందరినీ ఒకే గాట కట్టదు. చెడుకు దగ్గరగా సహకరించినవాడు వేరు, దూరంగా సహకరించినవాడు వేరు. తెలియనివాని బాధ్యత తక్కువ. తెలుసుకునే వీలుండీ అడగనివాని బాధ్యత అంత తక్కువ కాదు. వాతావరణ చట్టాల విలువ ఇక్కడే ఉంది. తెలుసుకునే వీలు కల్పించేవి అవే.

మన దేశంలో సెబీ 2022-23 ఆర్థిక సంవత్సరం నుంచి స్టాక్ మార్కెట్‌లో ఉన్న వెయ్యి పెద్ద కంపెనీలు తమ పర్యావరణ, సామాజిక బాధ్యతల నివేదిక ఇచ్చి తీరాలని నిబంధన పెట్టింది. తాము కాల్చిన ఇంధనం నుంచి, కొన్న కరెంటు నుంచి ఎంత కాలుష్య వాయువు వెలువడిందో అందులో రాయాలి. కానీ ఇతరుల ద్వారా వెలువడే దాన్ని రాయడం మాత్రం వారి ఇష్టానికి వదిలింది. బ్యాంకు విషయంలో అసలు కథంతా అక్కడే ఉంది. బ్రాంచీలో ఫ్యాన్లకూ దీపాలకూ అయ్యే కరెంటు ఎంత? అది ఇచ్చిన అప్పుల మీద నడిచే పొగగొట్టాల ముందు అదొక లెక్కా?

చిన్న పాపాలు ఏకరువు పెట్టి పెద్దదాన్ని దాచుకుంటే అది పాపసంకీర్తనం కాదని మన పిల్లలకు సత్యోపదేశంలో నేర్పుతాం. బ్యాంకులకూ అదే న్యాయం వర్తించాలి. ఈ దిశగా రిజర్వు బ్యాంకు 2024 ఫిబ్రవరిలో ఒక ముసాయిదా ప్రకటించింది. బ్యాంకులు తామిచ్చిన అప్పుల వెనుక ఉన్న కాలుష్యాన్ని కూడా వెల్లడించాలన్నది అందులోని ప్రతిపాదన.

చట్టమెందుకు, మనస్సాక్షి చాలదా అని కొందరంటారు. 2021లో ఐక్యరాజ్యసమితి పిలుపుతో ప్రపంచంలోని పెద్ద బ్యాంకులు కొన్ని కూటమిగా ఏర్పడి, 2050 నాటికి తమ అప్పుల కాలుష్యాన్ని నికరంగా సున్నా చేస్తామని స్వచ్ఛందంగా మాట ఇచ్చాయి. రాజకీయ గాలి మారగానే అమెరికాలోని ఆరు పెద్ద బ్యాంకులు ఒకదాని వెంట ఒకటి వెళ్ళిపోయాయి. 2025 అక్టోబరులో ఆ కూటమే మూతబడింది. మాట తప్పినందుకు శిక్ష లేదు, అడిగే నాథుడూ లేడు.

ఇంకొక ప్రశ్న దీనికంటే బరువైనది. బొగ్గుకు అప్పులు ఆగిపోతే కొత్తగూడెం, రామగుండం గని కార్మికుల ఇళ్ళలో పొయ్యి ఎలా వెలుగుతుంది? వారూ మన సోదరులే. భూమి ఆక్రందననూ పేదల ఆక్రందననూ కలిపి వినాలని ఫ్రాన్సిస్ పాపుగారు 2015లో 'లౌదాతో సీ' లేఖలో చెప్పింది ఇందుకే. కాని నిజం దాచిపెట్టడం కార్మికునికి మేలు చేయదు. లెక్క ముందే బయటపడితే కొత్త పని నేర్పడానికీ, కొత్త పరిశ్రమ తేవడానికీ కొన్నేళ్ళ వ్యవధి ఉంటుంది. దాచి ఉంచి, తప్పనిసరై ఒకనాడు గనులు మూస్తే ఆ దెబ్బ మొదట తగిలేది కార్మికునికే.

నివేదిక రాసినంత మాత్రాన పొగ తగ్గదన్నదీ నిజమే. పాపసంకీర్తనం తరువాత దిద్దుకోవాలన్న నిశ్చయం ఉండాలి, చేసిన నష్టానికి పరిహారం చెల్లించాలి. ఆ నిశ్చయాన్ని ఏ చట్టమూ పుట్టించలేదు. మనుషులు అడిగితేనే అది పుడుతుంది.

రిజర్వు బ్యాంకు నిబంధనలతో 2023 జూన్ 1 నుంచి 'గ్రీన్ డిపాజిట్లు' అమలులోకి వచ్చాయి. వీటిని సేకరించాలన్న నిర్బంధం బ్యాంకులకు లేదు. సేకరిస్తే మాత్రం ఆ పైకాన్ని సౌరశక్తి వంటి పనులకే వాడాలి, బొగ్గు, చమురు వంటి ఇంధనాలకు వాడరాదు. బయటివారి చేత ఏటా తనిఖీ కూడా చేయించాలి. ఈసారి డిపాజిటు గడువు తీరినప్పుడు వడ్డీ ఎంత అని అడిగే నోటితోనే, "మా పైకం దేనికి వాడతారు?" అని కూడా అడుగుదాం. విచారణ నిధిని చూసే పెద్దలు ముందుగా అడిగితే మరీ మంచిది. మేనేజరుగారి దగ్గర ఆ రోజు జవాబు లేకపోవచ్చు. పదిమంది అడిగితే ఆయన తన పైవారిని అడుగుతారు.

క్రీస్తునాథుని ఉపమానంలో యజమాని గృహనిర్వాహకుణ్ణి పిలిచి లెక్క అడిగాడు. మనకు అప్పగించిన భూమికి యజమానులం మనం కాము. ఆ లెక్క మనమూ చెప్పవలసి ఉంటుంది.