వయసు మీద నింద

శృంగారం మాటెత్తడానికి బెజవాడ ఎన్నడూ సిగ్గుపడలేదు. ఇక్కడి నుంచి వెలువడే స్వాతి వారపత్రికలో డాక్టర్ సమరం ఏళ్ల తరబడి పాఠకుల సందేహాలకు దాపరికం లేకుండా జవాబులిచ్చారు. ఆ పేజీ చదువుతూ పెరిగిన మగవాళ్లలో ఎందరో ఇప్పుడు అరవై దాటారు. రాత్రిళ్లు మాటిమాటికీ లేస్తున్నామనీ, ధార సన్నబడిందనీ డాక్టరుకు చెప్పగలిగినవాళ్లు కూడా పడకగది సంగతి దగ్గర ఆగిపోతారు. ‘ఈ వయసులో ఇంకా అదేమిటి’ అన్న మాట రోగి నోరూ, డాక్టరు నోరూ కట్టేస్తుంది. తప్పంతా వయసుదే అన్నది నిజమేనా అన్నదే నన్ను వదలని సందేహం.

పూర్తిగా నిజం కాదు. అమెరికాలోనూ, ఆరు ఐరోపా దేశాల్లోనూ 50 నుంచి 80 ఏళ్ల మగవాళ్లను అడిగిన పెద్ద సర్వే ఒకటి 2003లో అచ్చయింది. వయసునూ, షుగరు, గుండెజబ్బు లాంటివాటినీ లెక్కలోంచి తీసేసి చూసినా, మూత్ర ఇబ్బంది ముదిరినకొద్దీ అంగస్తంభన, స్ఖలన సమస్యలు పెరిగాయి. అలాగని మూత్ర ఇబ్బంది తెచ్చే ప్రోస్టేట్ గ్రంథి వాపే కారణమని తేల్చలేం. మూత్ర ఇబ్బందీ, పడకగది సమస్యా రెండూ ఒకే మూలం నుంచి పుట్టి ఉండవచ్చు. అంగస్తంభనకు వాడే టడలాఫిల్‌ను 2011లో అమెరికా ప్రోస్టేట్ ఇబ్బందికి కూడా అనుమతించడం ఈ ఊహకు బలమిస్తుంది. చికిత్స ప్రభావం విషయంలో మాత్రం ఊహతో పనిలేదు. ప్రోస్టేట్‌కు వాడే మందుల్లో ఫినాస్టెరైడ్ కొందరిలో కోరిక తగ్గిస్తుంది. టామ్సులోసిన్ వాడితే కొందరికి వీర్యం తగ్గుతుంది, లేదా బయటికే రాదు. మూత్రనాళం గుండా గ్రంథిని తొలిచే ఆపరేషన్ తర్వాత చాలామందికి వీర్యం వెనక్కి, మూత్రాశయంలోకి పోతుంది. అంగస్తంభన సాధారణంగా నిలిచే ఉంటుంది. ఇది ముందే చెప్పకపోతే మనిషి మగతనమే పోయిందనుకుంటాడు. చికిత్స చేసిన పనికి వయసును నిందిస్తాడు.

కోరిక చల్లారడం కొందరికి శాంతి కదా, దాన్ని జబ్బుగా మార్చి మాత్రలు అమ్మడం న్యాయమా అని అడగవచ్చు. న్యాయం కాదు, ఆ శాంతిని నేనూ గౌరవిస్తాను. కానీ మాత్ర అణచిన కోరికను తానే జయించాననుకుంటే అది వైరాగ్యం ఎలా అవుతుంది? వదులుకునేవాడికి ఏం వదులుకుంటున్నాడో తెలియాలి. అందులో భార్యకూ వాటా ఉంది. ఆమెను అడిగేవాళ్లే లేరు. గుడివాడ నుంచో దివిసీమ నుంచో బెజవాడ సూర్యారావుపేట ఆసుపత్రులకు వచ్చే పెద్దాయన పక్కన తరచూ కొడుకే ఉంటాడు. అతని ముందు ఈ మాట ఎలా వస్తుంది? అందుకే మందు రాసే ముందు డాక్టరు కొడుకును కాసేపు బయట కూర్చోమనాలి. పెద్దాయన ఒప్పుకుంటే ఆయన భార్యను లోపలికి పిలవాలి.